శౌరయ్య మోసిన వంతెన

లస్కరు శౌరయ్య మాట మొదలుపెట్టాడంటే రత్తయ్య కొట్లో టీ చల్లారిపోవలసిందే. తాగేవాళ్లు తాగడం మర్చిపోతారు. దాని వల్ల రత్తయ్యకి వచ్చిన నష్టమేం లేదు, చల్లారింది పారబోసి ఇంకోటి పొయ్యమంటారు గనక. అందుకే గోడవారన ఉన్న బెంచీ మీద ఒక మనిషి చోటు ఎప్పుడూ శౌరయ్య కోసం ఖాళీగా ఉంచేవాడు.

శౌరయ్య కాలవల డిపార్టుమెంటులో లస్కరు. ఆరు మైళ్ల కాలవగట్టూ, రెండు తూములూ, టీకొట్టుకి ఎదురుగా ఉన్న పాత వంతెనా ఆయన చూసుకోవాలి. వంతెన తెల్లదొరలు కట్టించింది. ఇటుకతో, గానుగసున్నంతో కట్టిన మూడు ఆర్చీలు. ఆర్చీ అని ఎవరూ అనరు, ఖానా అంటారు. మూడు ఖానాల వంతెన. ఊళ్లోనుంచి ఉయ్యూరు ఫ్యాక్టరీకి వెళ్లే చెరకు లారీలన్నీ దాని మీదుగానే పోవాలి. వద్దనుకుంటే పామర్రు రోడ్డెక్కి తొమ్మిది మైళ్లు చుట్టు తిరగాలి.

పెద్ద తుపాను వచ్చిపోయిన మూడో నెల అది. ఫిబ్రవరి తొమ్మిది, గురువారం పొద్దున్న. గుణదల మాత తిరనాళ్లకని ఊళ్లోని నలభై మంది కొత్త బట్టలు కట్టుకుని, పులిహోర మూటలు, కొవ్వొత్తుల కట్టలు పట్టుకుని టీకొట్టు ముందు చేరారు. డ్రైవరు జాన్‌బాబు ఉయ్యూరులో చెరకు దించి, లారీ కడిగించి తీసుకొస్తానన్నాడు. ఇంకా రాలేదు. శౌరయ్య భార్య అమలమ్మ ఆడవాళ్లతో కలిసి గోనెపట్టా మీద కూచుంది. శౌరయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని బెంచీ మీద తన చోట్లో ఉన్నాడు.

చర్చి ఉపదేశి జీవరత్నం కాలవ వైపు చూసి, మామూలుగానే అడిగాడు. "శౌరయ్యా, తుపానుకి నీళ్లు పిట్టగోడ దాకా కొట్టాయి గదా. వంతెన గట్టిదేనా? పిల్లాపీచూ నలభై మందిమి ఎక్కుతున్నాం."

శౌరయ్య గ్లాసు కింద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే కథ మొదలైనట్టే.

"గట్టిదేనా అని నన్నడుగుతున్నావా జీవరత్నం? అడగాల్సిన ప్రశ్నేనా అది? సరే, అడిగావు గనక చెబుతున్నా, విను. తుపాను వెలిసి పదిహేను రోజులైందో లేదో, జీపొచ్చింది. అందులోంచి ఇంజినీరు గారు దిగాడు. కృపానందం గారని, కుర్రాడే, కళ్లద్దాలు, చేతిలో ఫైలు. దిగీ దిగగానే ఏమన్నాడు? 'ఇక్కడి లస్కరు ఎవరండీ' అన్నాడు. నేనేనండీ అన్నా. 'ఈ టేపు కొస పట్టుకోండి' అన్నాడు. పట్టుకున్నా."

"అంతవరకూ నేనూ చూశాను" అన్నాడు రత్తయ్య.

అది నిజమే. శౌరయ్య కథలన్నిటికీ అలాంటి ఒక గుంజ ఉండేది. దానికి పలుపు కట్టుకుని ఎంత దూరమైనా మేసి వచ్చేవాడు.

"కొలవడం అయింది. ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, 'శౌరయ్య గారూ, లెక్కలైతే వేశానుగానీ నాకు ధైర్యం చాలట్లేదు, మీరేమంటారు' అన్నాడు. నేనేమంటాను? పిట్టగోడ మీద ఇట్టా అరచెయ్యి ఆనించా. నాడి చూడ్డానికి. మనిషికి మణికట్టు దగ్గర దొరుకుద్ది, వంతెనకి పిట్టగోడ మూడో వరస దగ్గర దొరుకుద్ది. ఈ సంగతి చాలామందికి తెలియదు."

"వంతెనకి నాడా?" అన్నాడు జీవరత్నం.

"మీ ఇంటిక్కూడా ఉంటది, నువ్వు చూసుకోలేదంతే. చూశా. కొట్టుకుంటోంది, నిమిషానికి అరవై, ఒకటి ఎక్కువా కాదు ఒకటి తక్కువా కాదు. 'కొంచెం పైత్యం చేసింది, అంతకుమించి ఏం లేదండీ' అన్నా. ఆయన రాసుకున్నాడు. అయినా చదువుకున్నవాడు గదా, ఊరుకుంటాడా? ఇసక బస్తాలు పేర్చి బరువు పరీక్ష పెడదాం అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఇసక బస్తాలతో పెట్టేది పరీక్షటండీ, లారీలు పిలిపించండి అన్నా. పిలిపించాడు. చెరకు లారీలు, నిండు లోడువి, పన్నెండు."

"ఆ వంతెన మీద నాలుగు లారీలకి మించి పట్టవు గదయ్యా" అన్నాడు రత్తయ్య, పాలు తిరగబోస్తూ.

"నాలుగే పట్టినయ్యి. మిగతావి వాటి మీద."

గోనెపట్టా మీద ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వినగానే శౌరయ్యకి వెన్నులో ఏదో వెచ్చగా పాకింది. రోజంతా గట్టు మీద ఒక్కడే నడిచే మనిషి. గండ్లు పూడ్చుకుంటూ, తూము దగ్గర నాచు లాగుతూ, పగలల్లా పలకరించే దిక్కుండదు. ఈ బెంచీ మీదే తను నలుగురిలో మనిషి.

"మూడంతస్తులు" అన్నాడు గొంతు పెంచి. "మూడంతస్తుల లారీలు. వంతెన ఎంత కుంగిందో తెలుసా? నా మీసంలోంచి ఒక వెంట్రుక పీకి ఖానా కింద అడ్డం పెట్టా. అది తెగలేదు, నలగలేదు, ఇట్టా కొంచెం వంగింది. అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏనుగులు వస్తాయి" అంది అమలమ్మ, ఇటు తిరక్కుండానే.

"వచ్చినయ్యి" అన్నాడు శౌరయ్య, ఏమాత్రం తొణక్కుండా. "బెజవాడలో సర్కసు దిగి ఉందప్పుడు. ఏడేనుగులు. పటమట నుంచి నడిపించుకుంటూ తీసుకొచ్చారు. వంతెన మొదట్లోకొచ్చి ఆగిపోయినయ్యి. ఏనుగుకి తెలుసు. తొండంతో నేల తట్టి చూసుకుంటది, మన ఇంజినీరు గారికి టేపు కావాలి, దానికి అక్కర్లేదు. మావటివాడు పొడుస్తున్నాడు, తిడుతున్నాడు, కదిలితే గదా. నేను పెద్దదాని చెవి దగ్గరికెళ్లి 'అమ్మా, నేనున్నాను' అన్నా. ఒక్క మాట. ఎక్కేసింది."

"ఎక్కడికి? లారీల మీదికా?"

"మరెక్కడికి? కింద చోటేదీ? నాలుగో అంతస్తు. ఏడూ ఎక్కి నిలబడ్డయ్యి. అప్పుడు వినపడింది." శౌరయ్య చెయ్యెత్తి అందర్నీ ఆపాడు, వాళ్లెవరూ మాట్లాడకపోయినా. "కటక్. ఖానా నడినెత్తిన రాయి ఉంటుంది చూశావూ, అది జారితే మిగతావన్నీ దాని వెనకాలే. ఇంజినీరు గారు ఫైలు కాలవలో పారేసి 'దేవా' అన్నాడు. మావటివాడు ఎటు పారిపోయాడో ఇప్పటిదాకా పత్తా లేదు. నేను చొక్కా విప్పా. ఎందుకంటే అది కొత్త చొక్కా. కిందికి దూకి, ఎడం భుజం ఆనించా."

"ఎడమే ఎందుకు?"

"కుడిచేతిలో బీడీ ఉంది. గంటన్నర. పైన పన్నెండు లారీలు, ఏడేనుగులు, కింద నేను. నీళ్లు మెడ దాకా. రత్తయ్య టీ కూడా తెచ్చిచ్చాడు."

"నేనెప్పుడు తెచ్చానయ్యా?"

"ఆ కంగార్లో నీకు గుర్తులేదులే. పంచదార తక్కువైంది కూడానూ. నేను కిందనుంచి అరుస్తున్నా, సున్నం కలపండర్రా, ఎంతసేపు నిలబడను, మా ఆవిడ అన్నానికి చూస్తుంటది అని. మేస్త్రి వచ్చి పట్టించాడు. పట్టించినవాడు పోతే పోయాడు, ఆరేదాకా ఎవడుండాలి? నేనే ఉన్నా. బయటికొచ్చి చూసుకుంటే భుజం మీద ఇటుక అచ్చు. కావాలంటే చూడండి." చొక్కా మెడ పక్కకి లాగి చూపించాడు.

"అది చిన్నప్పటి సెగ్గడ్డ మచ్చ" అంది అమలమ్మ.

ఈసారి అందరూ పగలబడి నవ్వారు. శౌరయ్య కూడా నవ్వాడు. భార్య అడ్డుపడితే ఆయనకి కోపం రాదు, కథకి ఊపొస్తుంది. "ఢిల్లీ నుంచి వచ్చిన పెద్ద ఇంజినీర్లు మాత్రం మచ్చ అనలేదే! మైనం పెట్టి నా భుజం అచ్చు తీసుకుని రైలెక్కారు. ఇక మీదట దేశంలో ఎక్కడ వంతెన కట్టినా ఖానా వంపు నా భుజం వంపేనంట. కాశ్మీరులో ఇప్పటికే ఒకటి లేచింది."

జీవరత్నం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. కానీ పట్టు వదల్లేదు. "ఏనుగుల సంగతి అటుంచు శౌరయ్యా. ఇవాళ ఎట్టా ఉంది?"

"ఇవాళా? వింటున్నావా అసలు? దానికీ సాక్ష్యం ఉంది. ఊరివైపు ఖానా లోపల సన్నగా ఒక నెర్రె ఉంటే, కృపానందం గారు దాని మీద అడ్డంగా మూడు గాజుపట్టీలు సిమెంటుతో అతికించాడు. నెర్రె నూలుపోగంత కదిలినా గాజు పుటుక్కుమంటది. గాజు అబద్ధం చెప్పదు శౌరయ్యా అన్నాడు. సోమవారం సోమవారం చూసి కార్డు ముక్క రాయి అన్నాడు. రాస్తున్నా. నేను కిందికి దిగి 'ఏమ్మా, కులాసానా' అంటే మూడూ తళుక్కుమని నవ్వుతయ్యి. మొన్న సోమవారం కూడా. చెక్కు చెదరలేదు."

ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం శౌరయ్య గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. కార్డులు రాసిన మాట నిజం. దిగి చూసింది మాత్రం మొదటి రెండు సోమవారాలే. మూడో సోమవారం, క్రిస్మస్ మర్నాడు, గట్టు దిగి ఖానా నీడలోకి వంగగానే తడి గోడవారన నల్లగా ఏదో కదిలింది. పాము. ఆయన అక్కణ్ణించి ఎట్లా పైకొచ్చాడో ఆయనకే తెలియదు. ఇంటికెళ్లి కార్డు తీసి 'గాజు బాగున్నది' అని రాశాడు. తర్వాతి వారం గట్టు మీద నుంచే వంగి చూడబోయాడు, ఏమీ కనపడలేదు. మళ్లీ రాశాడు. ఏడు వారాలు. వందేళ్లు నిలిచిన వంతెనకి ఏడు వారాల్లో ఏమవుతుందిలే అనుకున్నాడు. పామంటే భయమని చెప్పుకుంటే లస్కరుని చూసి పసిపిల్లలు కూడా నవ్వరూ?

అప్పుడే రావమ్మ వచ్చింది. రోజూ కాలవగట్టున గడ్డి కోసి గేదెలున్న ఇళ్లకి వేసే మనిషి. నెత్తిన మోపు లేదు. ఉత్త చేతులు. కొట్టు చూరు కింద నిలబడి, కథ చివర్లో నాలుగు ముక్కలు విన్నది. శౌరయ్య ఊపిరి పీల్చుకునే దాకా ఆగి, మెల్లిగా అడిగింది.

"గాజుపట్టీలంటే ఈ దరి ఖానాలో సిమెంటు పెట్టి అంటించినయ్యేనా లస్కరు గారూ?"

"అవే రావమ్మా. చూశావా, రావమ్మకి కూడా తెలుసు."

"అయ్యి విరిగిపోయినయ్యి గదండీ."

ఎవరో కిసుక్కుమన్నారు.

"మొదటిది క్రిస్మసు అయిన రెండో రోజో మూడో రోజో విరిగింది. తర్వాత తతిమ్మా రెండూ రాలిపడ్డయ్యి. ఎండకి నేను అక్కడే కూచుంటా గదా, కాల్లో గుచ్చుకుంటయ్యని ఏరి అవతల పారేశా." ఆమె అందర్నీ ఒకసారి చూసి, మళ్లీ శౌరయ్య వైపు తిరిగింది. "అదిగాదండీ. నేను కూచునేటప్పుడు కొడవలి ఆ నెర్రెలోనే గుచ్చుకుంటా. మొదట్లో మొన వరకే పట్టేది. పోయిన నెల్లో సగం దాకా పోయేది. ఇయ్యాల పొద్దున గుచ్చితే పిడితో సహా లోపలికి జారిపోయింది. మోచెయ్యి దాకా పెట్టి దేవులాడా, అందలా. మీరెట్టాగూ దిగుతుంటారు గదా, మీ చెయ్యి పొడుగు. కాస్త తీసి పెడతారేమోనని వచ్చా."

కొట్టు కొట్టంతా ఘొల్లుమంది. "శౌరయ్యా, నీ పనైపోయింది! నిన్ను మించిన మనిషొచ్చింది!" అన్నాడు రత్తయ్య. "ఏనుగుల కంటే ఇదే బాగుంది" అన్నారు గోనెపట్టా మీద నుంచి. రావమ్మకి ఏమీ అర్థం కాలేదు. "నవ్వుతారేందండీ, కొత్త కొడవలి" అంది.

నవ్వనిది శౌరయ్య ఒక్కడే. మోచేతి దాకా. ఆయన తన మోచెయ్యి వైపు చూసుకున్నాడు. రావమ్మ ఎన్నడూ అబద్ధం చెప్పిన మనిషి కాదు. అబద్ధం చెప్పాలంటే ఆమెకి అంత తీరికెక్కడిది? గడ్డి కోసే మనిషి చెయ్యి మోచేతి దాకా పట్టే నెర్రె పైన, ఇన్నాళ్లుగా, పగలూ రాత్రీ, చెరకు లారీలు.

అవతలి గట్టున హారన్ మోగింది.

"లారీ వచ్చింది" అంటూ ఆడవాళ్లు మూటలు అందుకున్నారు. శౌరయ్య లేచాడు. లేవడంలో గ్లాసు దొర్లి పగిలింది, వెనక్కి చూడలేదు. రోడ్డు మీదికి వచ్చి పరుగెత్తాడు. యాభై ఏళ్లు దాటిన మనిషి, చెప్పులు ఒకటి అక్కడా ఒకటి ఇక్కడా. వంతెన మొదట్లోకి వచ్చేసరికి కాళ్లు వాటంతటవే ఆగాయి. చెడిపోయిన ఖానా ఇదే, ఊరివైపుది. అవతలికి పోవాలంటే దీని మీద నుంచే పోవాలి. ఎదురుగా లారీ అటు మొదటి ఖానా ఎక్కేసింది. జాన్‌బాబు చెయ్యి బయటికి పెట్టి ఊపుతున్నాడు.

శౌరయ్య శిలువ గుర్తు వేసుకుని అడుగేశాడు. ఇన్నేళ్లలో కొన్ని వేలసార్లు నడిచిన రోడ్డే. ఇవాళ ప్రతి అడుగుకీ కింద బోలు అని కాలికి తెలుస్తోంది. రెండు చేతులూ ఎత్తి, "ఆపరా! ఆపు!" అని అరుస్తూ నడి ఖానా మీదికి చేరాడు. బంపరు ఆయన పొట్టకి జానెడు దూరంలో ఆగింది.

జాన్‌బాబు తల బయటికి పెట్టాడు. "ఏంది బాబాయ్, చస్తావా? ఆలస్యమైందని తెలుసులే, టైరు పంచరైంది."

"వెనక్కి తియ్యి. ముందుకి రావొద్దు. వెనక్కి."

"ఎందుకు?"

"ఈ దరి ఖానా పోయింది. గాజులు విరిగిపోయినయ్యి. వెనక్కి తియ్యరా."

జాన్‌బాబు మొహం మీద నవ్వు అలాగే ఉంది, కానీ కళ్లల్లో లేదు. "నువ్వేగా బాబాయ్, పోయిన నెల్లో కొట్లో చెప్పావు. పన్నెండు లారీలు ఎక్కినా వెంట్రుక తెగలేదని. నేనూ అక్కడే ఉన్నాగా. దాన్ని నమ్మేగా నెల రోజుల నుంచీ ఒకటిన్నర లోడు వేస్తున్నా. మా ఓనరు భయపడి, పామర్రు మీదుగా తిరిగి పొమ్మన్నాడు. అక్కర్లేదండీ, వంతెన లస్కరే బాగుందన్నాడు అని నేనే చెప్పా."

"నన్ను నమ్మావా?" అన్నాడు శౌరయ్య.

"నమ్మకేం చెయ్యను? ఏనుగులంటే నమ్మలేదు. వంతెన బాగుందంటే నమ్మా. వంతెనకి మనిషివి నువ్వేగా."

ముప్పై ఏళ్లుగా శౌరయ్య ఎంత మాట పడితే అంత మాట ధైర్యంగా చెప్పింది, తన మాట ఎవ్వరూ నమ్మరన్న భరోసాతోనే. ఆ భరోసా ఇప్పుడు కాళ్ల కింద నుంచి జారిపోయింది. నమ్మాడు. నిన్న సాయంత్రం కూడా ఇదే లారీ పదిహేను టన్నులతో దీని మీదే పోయింది. ఆ స్టీరింగు వెనక ఈ పిల్లాడున్నాడు. ఇంట్లో వీడి భార్య నెల తప్పింది.

"నేను చూడలేదురా" అన్నాడు. గొంతు మామూలు కంటే పెద్దగా వచ్చింది. ఊరివైపు గట్టు మీద నవ్వులెప్పుడో ఆగిపోయాయి, అందరికీ వినపడింది. "క్రిస్మస్ నుంచీ కిందికి దిగలేదు. పాము కనపడింది. భయపడ్డా. కార్డులన్నీ ఉత్తుత్తివి. నీ కాళ్లు పట్టుకుంటా, వెనక్కి తియ్యి."

జాన్‌బాబు గేరు వేయబోతే రెండుసార్లు తప్పింది. మూడోసారికి లారీ కొద్దికొద్దిగా వెనక్కి జరిగి, అవతలి గట్టెక్కి ఆగింది. అప్పుడు దిగి, రోడ్డు మీదే గొంతుక్కూచుని, తల చేతుల్లో పెట్టుకున్నాడు. శౌరయ్య ఆ పక్కనే నిలబడి, ఊరివైపు ఎవరూ వంతెన ఎక్కవద్దని అరుస్తూనే ఉన్నాడు.

తిరనాళ్లకి వెళ్లేవాళ్లని గడ్డిపడవలో మూడు విడతలుగా కాలవ దాటించారు. జీవరత్నం వెళ్తూ వెళ్తూ శౌరయ్యని చూసి భుజం తట్టి లారీ ఎక్కాడు. బెజవాడ చేరగానే ముందు కాలవల ఆఫీసుకి పోయి కృపానందం గారికి చెబుతానని జాన్‌బాబు మాటిచ్చాడు. అమలమ్మ మాత్రం వెళ్లలేదు. తన కొవ్వొత్తుల కట్ట జీవరత్నం చేతికిచ్చి, అదే పడవలో మొగుణ్ణి ఇవతలికి తీసుకొచ్చింది. "ఏవయ్యా, పామంటే భయమని నాతోనన్నా చెప్పకూడదా" అని మాత్రం అడిగింది. "అది నీరుకట్టెండీ, విషముండదు" అంది పక్కనే ఉన్న రావమ్మ.

రెండు కొసలా తుమ్మకంప అడ్డం వేశారు. శౌరయ్య ఊరివైపు కంప పక్కనే కూచుని, పొద్దుగూకి, మళ్లీ తెల్లారేదాకా అక్కణ్ణించి కదల్లేదు. వచ్చిన ప్రతి బండినీ వెనక్కి పంపాడు. ఎందుకని అడిగితే, "నేను చూడలేదు" అన్న ఒక్క మాటే చెప్పాడు. రత్తయ్య తెచ్చి ఇచ్చిన టీ ముట్టుకోలేదు.

శుక్రవారం పదకొండు గంటలకి ఊరివైపు ఖానా పడిపోయింది. పెద్ద చప్పుడేం కాలేదు. లారీలోంచి కంకర దించినప్పుడు వచ్చేటంత చప్పుడు. ఒక్కసారిగా నడిమిట్లో ఇటుకలు విడిపోయి, రోడ్డు మడతపడి, నీళ్లలోకి జారింది. వందేళ్ల నాటి సున్నం పొడి తెల్లగా పైకి లేచింది. వంతెన మీద ఎవరూ లేరు. గోనెపట్టా వేసుకుని కూచున్న అమలమ్మ లేచి నిలబడి, రెండు చేతులతో నోరు మూసుకుంది. రత్తయ్య టీ జల్లెడ పట్టుకుని కొట్లోంచి బయటికొచ్చి, అలాగే నిలబడిపోయాడు. నిన్న ఇదే వేళకి నలభై మందితో లారీ దాని మీద ఉండాలి.

కృపానందం ఒంటిగంటకి అవతలి గట్టున జీపు దిగి, పడవలో ఇవతలికి వచ్చాడు. ముప్పై ఏళ్లు కూడా లేని మనిషి. పడిన ఖానాని చాలాసేపు చూశాడు. టీకొట్టు దగ్గర ఊరంతా పోగైంది.

"ముందుగా ఎవరు కనిపెట్టారు?" అన్నాడు.

అందరూ శౌరయ్య వైపు చూశారు. చెప్పగలిగితే ఇంతకన్నా పెద్ద కథ ఆయనకి జన్మలో దొరకదు. పరుగెత్తి వెళ్లి లారీకి అడ్డం నిలబడ్డ మాట నిజమే గదా, ఇక మిగతాది ఎంత పెంచుకుంటే అంత.

"రావమ్మండీ" అన్నాడు శౌరయ్య. "గడ్డి కోసుకునే మనిషి. నేను ఏడు వారాలుగా దిగలేదు. చూడకుండానే కార్డులు రాశాను."

కృపానందం సంచీలోంచి కార్డులు తీశాడు. పైన ఉన్నది మొన్న సోమవారానిది. దాన్ని చదవలేదు, చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "నా కింద ఇలాంటి పాత వంతెనలు ఇరవై రెండున్నాయి" అన్నాడు చివరికి. "ఒక్కణ్ణే. ఏది ముందు చూడాలో తెలియక చస్తున్నాను. నీ కార్డులు వస్తున్నాయి గదా అని దీన్ని అన్నిటికన్నా అడుగున పెట్టాను. ఇది ఒక్కటీ నిశ్చింత అనుకున్నాను."

శౌరయ్య తల వంచుకున్నాడు. ఈయన కూడా నమ్మాడు.

"సస్పెన్షన్ ఆర్డరు వస్తుంది. నేనే రాయాలి."

"రాయండి" అన్నాడు శౌరయ్య.

"వచ్చేదాకా మాత్రం లస్కరువి నువ్వే." కృపానందం కార్డులు లోపల పెట్టి, సంచీలోంచి చిన్న సుత్తి తీశాడు. "మిగిలిన రెండు ఖానాలూ ఉంటాయో, వాటినీ దించెయ్యాలో ఇవాళే తేల్చాలి. నాతో కిందికి ఎవరు వస్తారు?"

శౌరయ్య పంచె ఎగ్గట్టాడు. గట్టు దిగేటప్పుడు కాళ్లు వణకడం అందరూ చూశారు. ఆయన దాచుకోవాలని చూడలేదు. ఇద్దరూ ఎక్కిన పడవ నడి ఖానా కిందికి వెళ్లింది. లోపల చల్లగా, చీకటిగా, తడిసున్నం వాసన. గోడవారన నీళ్లలో ఏదో సన్నగా జరజరా పోయింది. శౌరయ్య పడవ అంచు గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకోకుండా అటే చూశాడు.

కృపానందం చెయ్యెత్తి ఇటుక మీద సుత్తితో కొట్టాడు. ఇంకో జానెడు పక్కన మళ్లీ కొట్టాడు.

"గట్టి శబ్దమా, బోలు శబ్దమా? నీకెలా వినపడింది?"

శౌరయ్య చాలాసేపు ఆలోచించాడు.

"తెలియట్లేదండీ."

"నాకూ సరిగా తెలియట్లేదు" అన్నాడు కృపానందం. "మళ్లీ కొడతాను. చెవి ఆనించి విను."

శౌరయ్య పడవలో మోకాళ్ల మీద లేచి, చల్లటి ఇటుకకి చెవి ఆనించాడు.